సేమూర్ పాపర్ట్

సేమూర్ ఆబ్రే పాపర్ట్ (ఫిబ్రవరి 29, 1928 - జూలై 31, 2016) దక్షిణాఫ్రికాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన గణిత శాస్త్రవేత్త, కంప్యూటరు శాస్త్రవేత్త, విద్యావేత్త. చిన్నపిల్లలు కూడా కంప్యూటరుకు ప్రోగ్రాములు రాయగలరని 1960 దశకంలోనే నమ్మి, అందుకోసం రూపొందించిన లోగో భాష సృష్టికర్తలలో ఈయన ఒకడు. కృత్రిమ మేధ రంగానికి పునాదులు వేసినవారిలోనూ ఈయనకు స్థానమున్నది. లెగో ఇటుకలతో పిల్లలు కట్టే యంత్రాలను వారే రాసిన ప్రోగ్రాములతో నడిపించే పద్ధతికి మూలం ఈయన ఆలోచనలే. ఆ కోవలో ప్రసిద్ధి పొందిన మైండ్‌స్టార్మ్స్ అనే రోబో సామగ్రికి ఈయన గ్రంథం పేరునే పెట్టారు.

బాల్యం

పాపర్ట్ దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి కీటక శాస్త్రవేత్త. రెండేళ్ళు నిండకముందే ఈయనకు మోటారు కారు భాగాలంటే అమితమైన ఆసక్తి ఏర్పడింది. వాటిలోనూ పళ్ళచక్రాలు, ముఖ్యంగా రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ అమరిక, ఈయనను బాగా ఆకర్షించాయి. తరువాత బడిలో ఎక్కాలు నేర్చుకునేటప్పుడు వాటిని పళ్ళచక్రాలుగా ఊహించుకునేవాడు. రెండు చలరాశుల సమీకరణం ఎదురైనప్పుడు ఒక్కొక్క చక్రానికి ఎన్ని పళ్ళు ఉండాలో అని ఆలోచించేవాడు. ఇతరులకు కష్టంగా తోచిన గణితం తనకు సులువు కావడానికి చేతికి తగిలిన ఆ వస్తువే కారణమని పెద్దయిన తరువాత ఈయన గుర్తించాడు. అయితే పిల్లలందరికీ పళ్ళచక్రాలు ఇస్తే సరిపోతుందని మాత్రం అనుకోలేదు. ఏ బిడ్డ దేనిని ఇష్టపడతాడో ముందుగా చెప్పలేము కనుక, అనేక రూపాలు ధరించగల సాధనం ఒకటి కావాలని భావించాడు. కంప్యూటరులో ఈయనకు కనిపించిన ప్రత్యేకత అదే.

విద్యాభ్యాసం, రాజకీయాలు

జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం నుండి 1949లో తత్త్వశాస్త్రంలో పట్టభద్రుడై, 1952లో గణితంలో డాక్టరేటు పొందాడు. ఆ కాలంలో దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష విధానం చట్టబద్ధంగా అమలులోకి వచ్చింది. పాపర్ట్ విద్యార్థి దశనుండే దానిని వ్యతిరేకించాడు. ఇళ్ళలో పనిచేసే నల్లజాతివారికి సాయంకాలపు చదువులు చెప్పించే ప్రయత్నం చేసి అధికారుల ఆగ్రహానికి గురయ్యాడు. 1954లో స్వదేశాన్ని విడిచి ఇంగ్లండు చేరుకున్నాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మరల గణిత పరిశోధన చేసి 1959లో రెండవ డాక్టరేటు పొందాడు. చదువు కొందరికే దక్కే సొత్తు కారాదన్న పట్టుదల ఈయన తరువాతి కృషిలోనూ కనిపిస్తుంది.

పియాజేతో పరిచయం

1958 నుండి 1963 వరకు పాపర్ట్ స్విట్జర్లాండులోని జెనీవాలో ప్రముఖ మనస్తత్వవేత్త జీన్ పియాజే వద్ద పనిచేశాడు. పిల్లలు పెద్దలు చెప్పినదానిని నింపుకునే ఖాళీ పాత్రలు కారని, తమ అనుభవాలనుండి జ్ఞానాన్ని తామే నిర్మించుకుంటారని పియాజే సిద్ధాంతం. పాపర్ట్ దీనిని అంగీకరించి మరొక అడుగు ముందుకు వేశాడు. బయట ఒక వస్తువును, ఇతరులకు చూపగలిగిన దానిని, తయారుచేస్తున్నప్పుడు లోపల జరిగే ఈ నిర్మాణం మరింత బాగా సాగుతుందని ప్రతిపాదించాడు. అది ఇసుకగూడు కావచ్చు, పద్యం కావచ్చు, యంత్రం కావచ్చు, కంప్యూటరు ప్రోగ్రాము కావచ్చు. ఈ వాదానికి ఈయన కన్‌స్ట్రక్షనిజం అని పేరు పెట్టాడు.

ఎం.ఐ.టి.లో

1963లో పాపర్ట్ అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.)లో చేరాడు. అక్కడి కృత్రిమ మేధ ప్రయోగశాలను మార్విన్ మిన్‌స్కీతో కలిసి నిర్వహించాడు. వీరిద్దరూ రచించిన పెర్సెప్ట్రాన్స్ గ్రంథం 1969లో వెలువడింది. మెదడులోని నాడీకణాల అమరికను అనుకరించే సరళమైన యంత్రాలు ఏయే పనులు చేయలేవో ఇందులో గణితపరంగా నిరూపించారు. ఈ గ్రంథం ప్రభావం వలన నాడీజాలాల పరిశోధన చాలా ఏళ్ళు వెనుకబడిందని తరువాతి కాలంలో విమర్శ వచ్చింది. యంత్రానికి ఆలోచన నేర్పడం ఎలా అన్న ప్రశ్నతో మొదలైన పాపర్ట్ కృషి క్రమంగా పిల్లలు ఆలోచనను గురించి ఆలోచించడం ఎలా అన్న ప్రశ్నవైపు మళ్ళింది.

లోగో భాష

1967లో బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ అనే పరిశోధన సంస్థలో వాలీ ఫోర్జైగ్, సింథియా సాలమన్, డేనియల్ బాబ్రో, పాపర్ట్‌ల కృషితో లోగో రూపుదిద్దుకున్నది. మాట, భావము అనే అర్థాలుగల గ్రీకు పదం నుండి ఈ పేరు వచ్చింది. కృత్రిమ మేధ పరిశోధనలో వాడే లిస్ప్ భాష దీనికి మాతృక. ఒక కంప్యూటరు ఒక గదిని ఆక్రమించే రోజులలో, దానిని బడిపిల్లల చేతికి ఇవ్వాలన్న ఆలోచన చాలామందికి వింతగా తోచింది.

మొదట లోగోతో పదాలు, వాక్యాలు, సంఖ్యలతోనే ఆడుకునేవారు. కొద్దికాలానికి దానికి తాబేలు తోడైంది. ఇది నేలమీద చక్రాలతో కదిలే చిన్న రోబో. పొట్టకింద అమర్చిన కలంతో కాగితం మీద గీత గీస్తూ పోతుంది. 1940 దశకం చివర ఇంగ్లండులో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన యాంత్రిక తాబేళ్ళ జ్ఞాపకార్థం దీనికి ఆ పేరు వచ్చింది. తెరలు గల కంప్యూటర్లు వచ్చాక తాబేలు తెరమీదికి చేరింది.

తాబేలు గణితం

తాబేలుకు ఇచ్చే ముఖ్యమైన ఆజ్ఞలు చాలా తక్కువ: ముందుకు ఇన్ని అడుగులు వెయ్యి, కుడికి ఇన్ని డిగ్రీలు తిరుగు, ఈ పనిని ఇన్నిసార్లు మళ్ళీ చెయ్యి. ముందుకు 100 అడుగులు, కుడికి 90 డిగ్రీలు అనే జంటను నాలుగుసార్లు చేయిస్తే చతురస్రం వస్తుంది. ఒక అడుగు, ఒక డిగ్రీ అనే జంటను 360 సార్లు చేయిస్తే దాదాపు వృత్తమే వస్తుంది. తోచనప్పుడు బిడ్డ తానే తాబేలుగా మారి నేలమీద నడిచి చూడవచ్చు. తన శరీరానికి తెలిసిన కదలికనుండి రేఖాగణితంలోకి అడుగు పెట్టడం ఇక్కడ విశేషం.

సమబాహు త్రిభుజం గీయించేటప్పుడు పిల్లలు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. కోణం 60 డిగ్రీలని బడిలో చదివి ఉంటారు కనుక తాబేలును కూడా 60 డిగ్రీలే తిప్పుతారు. అప్పుడు త్రిభుజం మూసుకోదు. షడ్భుజిలో మూడు భుజాలు మాత్రమే వస్తాయి. తాబేలు చుట్టూ తిరిగి బయలుదేరిన దిశకు రావాలంటే మొత్తం 360 డిగ్రీలు తిరగాలి. మూడు మలుపులు కనుక ఒక్కొక్కటి 120 డిగ్రీలు. అంతరకోణానికి, బాహ్యకోణానికి గల భేదం ఈ విధంగా బిడ్డకు స్వయంగా బోధపడుతుంది.

పాపర్ట్ దృష్టిలో ఇక్కడ ముఖ్యమైనది త్రిభుజం కాదు, పొరపాటు. పరీక్ష కాగితం మీద తప్పు అంటే ఎర్రసిరా గీత, తగ్గిన మార్కు. ప్రోగ్రాములో తప్పు అంటే ఎక్కడ జరిగిందో వెదికి సరిదిద్దుకోవలసిన విషయం. ఏ ప్రోగ్రాము కూడా మొదటిసారే సరిగా నడవదు. కనుక తప్పు చేయడం సిగ్గుపడవలసినది కాదని పిల్లలు గ్రహిస్తారు. కంప్యూటరు బిడ్డకు ప్రశ్నలు వేసి, జవాబులు రాబట్టి, మార్కులు వేసే బోధనా విధానాన్ని ఈయన తిరస్కరించాడు. అందులో యంత్రం పిల్లవాడిని నడిపిస్తుందని, పిల్లవాడే యంత్రాన్ని నడిపించాలని ఈయన వాదం.

ఈ ఆలోచనలను వివరిస్తూ 1980లో మైండ్‌స్టార్మ్స్ గ్రంథాన్ని ప్రచురించాడు. సొంత కంప్యూటర్లు అప్పుడప్పుడే ఇళ్ళలోకి, బడులలోకి ప్రవేశిస్తున్న సమయం కావడంతో ఈ పుస్తకం అనేక దేశాలలో ఉపాధ్యాయులను ప్రభావితం చేసింది. 1982లో పారిస్‌లో ఏర్పాటైన ప్రపంచ కంప్యూటరు కేంద్రంలో నికొలాస్ నెగ్రొపాంటేతో కలిసి పనిచేసి, సెనెగల్ దేశపు బడులలో లోగో ప్రయోగాలకు తోడ్పడ్డాడు. 1985లో ఎం.ఐ.టి.లో మీడియా ల్యాబ్ ప్రారంభమైనప్పుడు దాని స్థాపక అధ్యాపకులలో ఒకడయ్యాడు.

లెగో ఇటుకలు

లెగో సంస్థను 1932లో డెన్మార్కులోని బిల్లుండ్ గ్రామంలో ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి స్థాపించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న ప్లాస్టిక్ ఇటుక నమూనాకు 1958లో పేటెంటు దరఖాస్తు చేశారు. నాటి ఇటుక నేటి ఇటుకలోనూ బిగుసుకుంటుంది. ఎనిమిది బొడిపెలు గల ఆరు ఇటుకలను 91 కోట్లకు పైగా విధాలుగా అమర్చవచ్చును. 1966లో లెగో విద్యుత్ రైళ్ళు కూడా వచ్చాయి.

1980 దశకం మధ్యలో లెగో అధిపతి కెల్ కిర్క్ క్రిస్టియన్సెన్ ఒక టెలివిజన్ కార్యక్రమంలో పాపర్ట్ కృషిని చూసి ఆయనతో సంబంధం ఏర్పరచుకున్నాడు. పాపర్ట్ బృందంలోని మిచెల్ రెస్నిక్, స్టీవ్ ఓకో తదితరులు లెగో మోటార్లను, సెన్సార్లను లోగో భాషతో జోడించారు. 1988లో ఇది లెగో టి.సి. లోగో పేరుతో బడులకు అందింది. దీనితో తాబేలు మరల తెరమీదినుండి నేలమీదికి వచ్చింది. ఈసారి మాత్రం ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. యంత్రాన్ని నడిపించడమే కాదు, కట్టడం కూడా పిల్లల పనే అయింది.

ఆ యంత్రాలు తీగలతో కంప్యూటరుకు కట్టుబడి ఉండేవి. కట్టిన బండి తీగ పొడవు దాటి పోలేకపోయేది. అందువలన కంప్యూటరునే ఇటుకలో ఇమిడ్చే ప్రయత్నం మీడియా ల్యాబ్‌లో మొదలైంది. ఈ ప్రోగ్రామబుల్ ఇటుక తయారీలో ఫ్రెడ్ మార్టిన్, రాండీ సార్జెంట్, బ్రయన్ సిల్వర్‌మన్ మొదలైనవారు పాలుపంచుకున్నారు. 1989లో లెగో సంస్థ ఎం.ఐ.టి.లో అభ్యసన పరిశోధనకు ఒక ఆచార్య పీఠాన్ని నెలకొల్పగా పాపర్ట్ దానికి తొలి ఆచార్యుడయ్యాడు. 1998లో లెగో మైండ్‌స్టార్మ్స్ మార్కెట్టులోకి వచ్చింది. దానిలోని ఆర్.సి.ఎక్స్. అనే పసుపుపచ్చ ఇటుకలో హిటాచీ సంస్థ తయారుచేసిన సూక్ష్మ నియంత్రిక, 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, మోటార్లకు మూడు, సెన్సార్లకు మూడు ద్వారాలు ఉండేవి.

ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు

ఆర్.సి.ఎక్స్.తో లెగో ఇచ్చిన సాఫ్టువేరు సులభమైనదే గాని దాని పరిధి తక్కువ. స్టాన్‌ఫర్డ్ విద్యార్థి కెకోవా ప్రౌడ్‌ఫుట్ ఆ ఇటుక లోపల జరిగే సంభాషణను విప్పిచూసి, తాను కనుగొన్నది అందరికీ తెలియజేశాడు. ఆ వివరాల ఆధారంగా డేవ్ బామ్ ఎన్.క్యు.సి. అనే భాషను, మార్కస్ నోగా లెగోఎస్ అనే నిర్వహణ వ్యవస్థను రూపొందించారు. లెగోఎస్ తరువాత బ్రిక్‌ఎస్ అయింది. జావా భాషలో ప్రోగ్రాములు రాసుకోవడానికి లెజోస్ వచ్చింది. వీటి మూలాలు అందరికీ తెరిచి ఉండేవి. ఎవరైనా చదివి, మార్చి, ఇతరులతో పంచుకోవచ్చు. లెగో సంస్థ వీరిపై న్యాయస్థానానికి వెళ్ళలేదు. పైగా తన సాఫ్టువేరు లైసెన్సులో ఇటువంటి మార్పులకు హక్కు కల్పించింది.

2006లో వచ్చిన ఎన్.ఎక్స్.టి. ఇటుక అంతర్గత సాఫ్టువేరు మూలాన్ని సంస్థయే విడుదల చేసింది. 2013 నాటి ఇ.వి.3 ఇటుక లినక్స్ ఆధారంగా పనిచేసింది. దానికోసం ఔత్సాహికులు డెబియన్ లినక్స్‌పై ఇ.వి.3డెవ్‌ను తయారుచేశారు. 2022 చివరతో మైండ్‌స్టార్మ్స్ అమ్మకాలు నిలిపివేయబడ్డాయి. అయినా పైబ్రిక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్టువేరుతో లెగో రోబోలనే కాక, 2018 నుండి వచ్చిన లెగో రైళ్ళను కూడా పైథాన్ భాషలో నడపవచ్చును. ఇతర సామగ్రిలో లాగా రైలులోని నియంత్రణ పెట్టెకు కూడా సొంత ప్రోగ్రామును అందించే వీలు దీనివలన కలిగింది.

ఉదాహరణకు నడికుడి - మాచర్ల రైలుమార్గం నమూనాను తీసుకోవచ్చు. పట్టాల మధ్య గురజాల, రెంటచింతల స్టేషన్లవద్ద పచ్చరంగు పలక, మాచర్ల చివర ఎర్రరంగు పలక అమర్చుతారు. రైలులోని నియంత్రణ పెట్టెకు రెండు ద్వారాలు ఉంటాయి. ఒకదానికి మోటారు, రెండవదానికి రంగును గుర్తించే సెన్సారు తగిలిస్తారు. పచ్చరంగు కనిపిస్తే పది సెకన్లు ఆగి మళ్ళీ కదలాలి. ఎర్రరంగు కనిపిస్తే ఆగి, దిశ మార్చుకొని వెనుకకు రావాలి. ప్రోగ్రాము ఇంతే. అయితే రైలు వేగంగా పోతే సెన్సారు పలకను చూడకముందే దాటిపోవచ్చు. కొత్త బ్యాటరీలు వేసినరోజు అది స్టేషను దాటి ఆగవచ్చు. ఆగిన రైలు పలకమీదనే ఉండిపోతే, పది సెకన్ల తరువాత అదే పచ్చరంగును మరల చూసి అక్కడే నిలిచిపోవచ్చు. తప్పు చక్రాలలో ఉన్నదా, పలక స్థానంలో ఉన్నదా, ఆజ్ఞల వరుసలో ఉన్నదా అని పిల్లలు వెదకవలసి వస్తుంది. పాపర్ట్ కోరుకున్న చదువు ఈ వెదుకులాటలోనే ఉన్నది.

సాఫ్టువేరు మూలం తెరిచి ఉండడం ఈ చదువుకు సహజమైన కొనసాగింపు. మూతవేసిన ఆటబొమ్మలో తప్పు వస్తే పారవేయడమే శరణ్యం. తెరిచి ఉన్నదానిలో ఎంత లోతుకైనా వెళ్ళి కారణం తెలుసుకోవచ్చు.

విమర్శలు

లోగో ప్రచారంతోపాటు దానిపై సందేహాలు కూడా పెరిగాయి. 1980 దశకంలో న్యూయార్కులోని బ్యాంక్ స్ట్రీట్ కళాశాల పరిశోధకులు రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ లోగో నేర్చిన పిల్లలను పరిశీలించారు. ప్రోగ్రామింగు నేర్చినంత మాత్రాన ఇతర విషయాలలో పథకం వేసుకునే నేర్పు పెరగలేదని వారు తేల్చారు. లోగోను ఒక మందులాగా భావించి దాని ఫలితాన్ని కొలవడం సరికాదని పాపర్ట్ సమాధానమిచ్చాడు. ఫలితం యంత్రంలో ఉండదని, దానిని ఏ వాతావరణంలో, ఏ ఉద్దేశంతో వాడుతున్నారన్న దానిలో ఉంటుందని ఈయన వాదించాడు. అయితే అటువంటి వాతావరణాన్ని సాధారణమైన బడిలో, నిర్ణీత సిలబస్సు, గంటల పట్టిక మధ్య కల్పించడం ఎలా అన్న ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు దొరకలేదని విమర్శకుల అభిప్రాయం. ఈ చిక్కును పాపర్ట్ కూడా గుర్తించాడు. కంప్యూటర్లను తరగతి గదులనుండి తీసి ప్రత్యేకమైన గదిలో పెట్టి, వారానికొక పీరియడు కేటాయించడంతో బడి వాటిని తన పాత పద్ధతిలో ఇముడ్చుకున్నదని 1993లో వెలువడిన ది చిల్డ్రన్స్ మెషిన్ గ్రంథంలో వివరించాడు.

చివరి దశాబ్దాలు

తరువాత పాపర్ట్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో స్థిరపడ్డాడు. అక్కడి బాల నేరస్థుల నిర్బంధ కేంద్రంలో 1999లో ఒక అభ్యసన ప్రయోగశాలను ప్రారంభించాడు. బడిలో విఫలులైనవారని ముద్రపడిన యువకులు అందులో లెగోతో, కంప్యూటర్లతో యంత్రాలు నిర్మించారు. ఏడవ తరగతి విద్యార్థులందరికీ ల్యాప్‌టాప్‌లు ఇచ్చేందుకు 2002లో మెయిన్ రాష్ట్రం చేపట్టిన పథకానికి ఈయన ప్రేరణ ఇచ్చాడు. పేద దేశాల పిల్లలకోసం 2005లో నెగ్రొపాంటే ప్రకటించిన బిడ్డకొక ల్యాప్‌టాప్ పథకంలోనూ ఈయన ఆలోచనలే కీలకం. ఆ ల్యాప్‌టాప్‌లోని షుగర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్టువేరులో తాబేలుతో బొమ్మలు గీసే కార్యక్రమం కూడా ఉన్నది.

2006 డిసెంబరులో గణిత విద్యపై జరిగిన ఒక సమావేశానికి వియత్నాం రాజధాని హనోయి వెళ్ళినప్పుడు వీధి దాటుతుండగా పాపర్ట్‌ను మోటారు సైకిలు ఢీకొన్నది. హనోయి వాహనాల రద్దీని కంప్యూటరు నమూనాగా ఎలా రాయవచ్చునో ఆ సమయంలో సహచరునితో చర్చిస్తున్నాడు. తలకు తీవ్రమైన గాయమై కొంతకాలం అపస్మారక స్థితిలో ఉన్నాడు. నడక, మాట చాలావరకు తిరిగి నేర్చుకోవలసి వచ్చింది. పూర్వంవలె పరిశోధన చేయడం సాధ్యపడలేదు. 2016 జూలై 31న మెయిన్‌లోని బ్లూ హిల్‌లో 88 ఏళ్ళ వయసులో మరణించాడు. సామాజిక శాస్త్రవేత్త షెర్రీ టర్కిల్, రష్యా చరిత్ర రచయిత్రి సుజాన్ మాసీ ఈయన భార్యలలో ఇద్దరు.

భారతదేశంలో ప్రభావం

భారతదేశంలో పాఠశాలల కంప్యూటరు విద్యకు 1984లో క్లాస్ పథకంతో నాంది పలికారు. తరువాతి కాలంలో అనేక బడులలో వాడిన కంప్యూటరు పుస్తకాలలో లోగో పాఠాలు చోటుచేసుకున్నాయి. ఉచితంగా లభించే ఎం.ఎస్.డబ్ల్యు. లోగో వీటికి ఎక్కువగా తోడ్పడింది. బిడ్డకొక ల్యాప్‌టాప్ పథకం 2007లో మహారాష్ట్రలోని ఖైరాత్ గ్రామపు బడిలో ప్రయోగాత్మకంగా మొదలైంది. నీతి ఆయోగ్ 2016లో ప్రారంభించిన అటల్ టింకరింగ్ ల్యాబులలో సెన్సార్లు, మోటార్లు, రోబో సామగ్రి విద్యార్థుల చేతికి అందాయి. తెలుగునాట స్వేచ్ఛా సాఫ్టువేరు కోసం కృషిచేసిన స్వేచ్ఛ సంస్థ బడిపిల్లల కోసం బాలస్వేచ్ఛ పేరుతో విద్యా సాఫ్టువేర్లను ఒకచోట కూర్చింది.

తాబేలు గణితానికి మన సంప్రదాయంలో సన్నిహితమైనది ముగ్గు. ఒక చిన్న కదలికను తిప్పి తిప్పి వేయడంవలన పెద్ద ఆకృతి ఏర్పడడం రెండింటికీ సమానం. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ శిరోమణి, ఆయన సహచరులు 1970 దశకంలో ముగ్గులను కంప్యూటరు శాస్త్రంలోని వ్యాకరణాల సహాయంతో విశ్లేషించారు. లెగో సామగ్రి ఖరీదైనది. గ్రామాల బడులన్నిటికీ అందేది కాదు. కాని బడి ఆవరణలో సుద్దముక్క పట్టుకొని ఒక విద్యార్థి తాబేలుగా నడుస్తూ, మరొక విద్యార్థి ఆజ్ఞలు ఇస్తూ త్రిభుజం గీయడానికి ఖర్చేమీ లేదు. లోగో ఆజ్ఞలను పరీక్షకోసం కంఠస్థం చేయిస్తే మాత్రం పాపర్ట్ ఏ పద్ధతిని మార్చదలచాడో అదే మిగులుతుంది.

పురస్కారాలు

1980లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్
1981లో మార్కొని ఫెలోషిప్

ముఖ్య రచనలు

పెర్సెప్ట్రాన్స్ (1969, మార్విన్ మిన్‌స్కీతో కలిసి)
మైండ్‌స్టార్మ్స్ (1980)
ది చిల్డ్రన్స్ మెషిన్ (1993)
ది కనెక్టెడ్ ఫ్యామిలీ (1996)